304 అంటే ఏంటి సార్?

పోయిన వేసవిలో ఒక శనివారం జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ గదిలో కూర్చుని ఉండగా ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. ఇరవై ఏళ్లుంటాయేమో. విజయవాడ సింగ్‌నగర్ వైపు పిల్లాడు. నా ఎదురుగా కూర్చున్నాడు గానీ నోట మాట రాలేదు. వెంట వచ్చిన పెద్దాయనే అతని తరఫున మాట్లాడాడు. "నాలుగు రోజుల్నుంచి నిద్రపోవట్లేదు సార్ వీడు. అన్నం ముందు పెట్టుకుని కూర్చుంటాడు, తినడు. 304 పెట్టారు వీడికి."

రిమాండ్ రిపోర్టు జిరాక్స్ అడిగి తీసుకున్నాను. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నది. చెమటకు మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ఫోన్ మాట్లాడుకుంటూ నడుస్తున్న ఒకావిడ చేతిలోంచి, బండి మీద వెళ్తూ ఫోన్ లాక్కున్నాడని ఆరోపణ. భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 304. నేను చదువుతుంటే అప్పుడు నోరు విప్పాడు.

"304 అంటే ఏంటి సార్? ఆమె కింద పడి చచ్చిపోయిందా?"

అతని మనసులో ఏముందో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. బ్యారక్‌లో పాతవాళ్లు అతనికి చెప్పిందేమిటంటే, 304 అంటే మనిషి పోయిన కేసు, పదేళ్లు తప్పదు, జీవిత ఖైదు కూడా పడొచ్చు అని. వాళ్లు కావాలని అబద్ధం చెప్పలేదు. పాత ఐపీసీలో 304 అంటే అదే, హత్య కిందికి రాకపోయినా మనిషి ప్రాణం పోయిన నేరం. కానీ 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి కొత్త చట్టం వచ్చింది. అందులో 304 అంటే స్నాచింగ్. గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా.

ఆవిడకు దెబ్బ కూడా తగల్లేదని రిపోర్టులోనే రాసి ఉంది. ఆ వాక్యం వేలు పెట్టి చూపిస్తూ రెండుసార్లు చదివి వినిపించాను. అతను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నాలుగు రోజులుగా తానొక హంతకుణ్నని నమ్మి బతికిన పిల్లాడి ఏడుపు అది.

ఆ అబ్బాయికి లాయరు లేక కాదు. రిమాండ్ రోజునే ప్రభుత్వం తరఫున లాయరును ఇచ్చారు. ఆయన వకాల్తా వేశాడు, బెయిల్ పిటిషన్ కూడా తయారవుతోంది. ఉచిత న్యాయ సహాయం అని మనం దేన్నంటామో అదంతా ఆ అబ్బాయికి అందింది. అందకుండా పోయింది ఒక్క మాట, నీ మీద ఉన్న కేసు ఇది అని. అందుకే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. జైల్లో ఉన్న మనిషికి లాయరును ఇవ్వడంతో మన బాధ్యత తీరదు. తన కేసు తనకు తెలియాలి, తనకు వచ్చిన భాషలో, తనకు అర్థమయ్యే మాటల్లో. అది తెలియని మనిషి ఎంత మంచి లాయరు ఉన్నా చీకట్లో కూర్చున్నట్టే.

నేను లాయర్ని కాను. బెజవాడ కోర్టుల్లో పద్దెనిమిదేళ్లు ప్లీడరు గుమాస్తాగా పనిచేశాను. వాయిదాల డైరీ రాయడం, నకళ్లకు దరఖాస్తు పెట్టడం, జామీనుదార్ల కాగితాలు సరిచూడటం, బెంచి క్లర్కు దగ్గర నిలబడటం, ఇవీ నా పనులు. ఇప్పుడు పారా లీగల్ వాలంటీరుగా, అంటే లాయరు కాకపోయినా న్యాయ సహాయంలో చెయ్యి వేసే మనిషిగా, నెలకు రెండుసార్లు జైలుకు వెళ్తున్నాను. నన్ను ఈ పనిలోకి లాగింది మా ఇంట్లో జరిగిన సంగతే.

2019లో మా బావమరిది అరెస్టయ్యాడు. గుంటూరులో ట్రాలీ ఆటో తోలేవాడు. ఎవరిదో సరుకు కిరాయికి వేసుకెళ్లాడు, అది దొంగసరుకని తేలింది. ఐపీసీ 411. అలాంటి కేసులు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. అందుకే నేను కంగారు పడలేదు. లాయరుతో మాట్లాడాను, పిటిషన్ నేనే టైపు చేశాను, జామీను కోసం ఇద్దరి ఇంటి పన్ను రసీదులు సిద్ధం చేశాను. పరుగులన్నీ బయటే పెట్టాను. పంతొమ్మిదో రోజున ములాఖత్‌కు వెళ్తే వాడు జాలీ అవతల నిలబడి అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"బావా, నాన్‌ బెయిలబుల్ అంట గదా. ఇంక బెయిల్ రాదంట గదా. పొలం అమ్మొద్దని అక్కకి చెప్పు. వాయిదాకి తీసుకెళ్తే ఒప్పేసుకుంటాను."

నాన్‌ బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు. స్టేషన్‌లోనే హక్కుగా అడిగి తీసుకునే బెయిల్ కాదు, జడ్జిగారు కేసు చూసి ఇచ్చేది అని. ఈ మాట చెప్పడానికి నిమిషం పట్టదు. నేను పద్దెనిమిది రోజులు చెప్పలేదు. ఆ మాట నాకు ఎంత అలవాటంటే, అది తెలియని మనిషి ఉంటాడని నాకు తోచనే లేదు. నాలుగు రోజుల తర్వాత వాడికి బెయిల్ వచ్చింది, తర్వాత కేసూ కొట్టేశారు. కానీ ఆ ములాఖత్ కంటే ముందే వాణ్ని వాయిదాకి తీసుకెళ్లి ఉంటే వాడు చేయని నేరాన్ని ఒప్పుకుని శిక్షపడ్డ మనిషిగా ఇంటికొచ్చేవాడు. గుమాస్తా ఇంట్లోనే ఇలా జరిగితే, కోర్టు గుమ్మం ఎక్కి ఎరుగని ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించండి.

ఈ 'ఒప్పేసుకో' అన్న మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జైల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా వినే సలహా ఇదే. చిన్న దొంగతనం కేసులో ఒకతను ఐదు నెలలుగా లోపల ఉన్నాడనుకోండి. జామీను పెట్టేవాళ్లు లేరు. పక్కవాడు చెబుతాడు, "ఒప్పేసుకో, ఉన్న రోజులు కొట్టేస్తారు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు." అందులో నిజం ఉంది. విచారణ కాలంలో జైల్లో గడిపిన రోజుల్ని శిక్షలోంచి తీసేయాలని కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 428లో ఉంది, దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 468లోనూ ఉంది. ఉన్నన్నాళ్లే శిక్షగా వేసి పంపేయడం కోర్టుల్లో జరిగేదే. కానీ ఆ పక్కవాడు మిగతా సగం చెప్పడు, అతనికీ తెలియదు కాబట్టి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేది శిక్షపడ్డ మనిషి. రేపు పేటలో ఎవరి సైకిల్ పోయినా పోలీసులు ముందు అతని తలుపే తడతారు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లకు చట్టం ఇచ్చే వెసులుబాటు ఇక అతనికి వర్తించదు.

ఆ వెసులుబాటు చిన్నదేం కాదు. నాగరిక్ సురక్షా సంహిత 479 ప్రకారం, ఒక నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిచిపోతే బెయిల్ మీద వదలాలి. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లకైతే మూడో వంతు చాలు. ఆ గడువు పూర్తయితే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. కొత్త చట్టం రాకముందు నమోదైన కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉరిశిక్షో జీవిత ఖైదో పడే నేరాలకు ఇది లేదు. ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ అడ్డు ఉంది. మన దగ్గర చాలామంది పీటీ వారెంట్ల మీద, అంటే జైల్లో ఉన్నవాణ్ని ఇంకో కేసులో హాజరుపరచమనే కోర్టు కాగితాల మీద, ఒక కేసులోంచి ఇంకో కేసులోకి తిరుగుతూ ఉంటారు కాబట్టి ఆ అడ్డు గురించి కూడా ముందే చెప్పాలి. లేనిపోని ఆశ పెట్టడం కూడా అన్యాయమే.

ఇంకొకటి ఉంది, అది రోజుల లెక్క. ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు నేరాన్ని బట్టి 60 రోజులో 90 రోజులో గడువు ఉంటుంది. ఆలోగా వేయకపోతే బెయిల్ అడిగే హక్కు ఖైదీకి వస్తుంది. అడగాలి. అడగకుండా ఊరుకుంటే, ఈలోగా ఛార్జిషీటు పడిపోతే, ఆ హక్కు పోతుంది. లెక్క అరెస్టు చేసిన రోజు నుంచి కాదు, మేజిస్ట్రేటు రిమాండ్ ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. పెద్ద మొత్తంలో గంజాయి దొరికిన కేసుల్లో, అంటే 20 కిలోలు దాటితే, గడువు 180 రోజులు. అంతకు తక్కువ దొరికినవాళ్లకు ఆ 180 వర్తించదు. కానీ బ్యారక్‌లో 'గంజాయి కేసంటే ఆరు నెలలు కదలదు' అని ఒకే మాట. మూడు కిలోల మనిషీ, రెండు వందల కిలోల మనిషీ ఆ ఒక్క మాట పట్టుకుని పక్కపక్కన కూర్చుని ఉంటారు.

అంటే జైల్లో న్యాయవిద్య లేకపోలేదు. పొద్దున కౌంటు నుంచి రాత్రి లాకప్ దాకా నడుస్తూనే ఉంటుంది. మాస్టార్లు ఖైదీలే. పాఠాలు సగం నిజం, సగం పుకారు. 302, 307, 420 అని ఏళ్ల తరబడి నోటికొచ్చిన లెక్కలు ఒక్క రాత్రిలో మారిపోయాయి. హత్య 103 అయింది, హత్యాయత్నం 109, మోసం 318. ఈ మార్పు పోలీసులకు శిక్షణ ఇచ్చి చెప్పారు, లాయర్లకు సదస్సులు పెట్టి చెప్పారు. ఆ నంబర్ల కింద జైల్లో కూర్చున్న మనుషులకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు నాకైతే పెద్దగా కనిపించలేదు.

చెప్పి తీరాలని మన కోర్టులు అన్నది ఇవాళ కాదు. 1981లో భాగల్‌పూర్ ఖైదీల కేసులో, అదే పోలీసులు ఖైదీల కళ్లు పొడిచిన కేసులో, సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడే, నీకు ఉచితంగా లాయరును పెట్టుకునే హక్కుందని ఆ మనిషికి చెప్పాలని. 1986లో సుక్ దాస్ కేసులో అరుణాచల్ మనిషికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. లాయరు లేకుండానే విచారణ నడిచి శిక్ష పడింది. జస్టిస్ భగవతి ఆ శిక్షను కొట్టేశారు. చదువుకున్నవాళ్లకే తమ హక్కులు తెలియవు, అలాంటప్పుడు నువ్వు అడగలేదు కాబట్టి ఇవ్వలేదు అంటే ఎలా అన్నది ఆ తీర్పు సారం. తర్వాత వచ్చిన న్యాయసేవల చట్టంలో, 12వ సెక్షన్‌లో, కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని ఉంది. 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ పలుకుతుంది. కాగితం మీద ఏ లోటూ లేదు.

2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైగా. నేరం చేశారో లేదో ఏ కోర్టూ ఇంకా తేల్చని మనుషులు. ఈ అంకె చెప్పినప్పుడల్లా నాకు ఆ అబ్బాయి మడతల కాగితం గుర్తొస్తుంది.

ఇంతకుముందు వాయిదా అంటే వ్యానులో కోర్టుకు తీసుకొచ్చేవారు. అది కష్టమే, ఎస్కార్ట్ లేక రాకుండా పోయిన వాయిదాలు ఎన్నో నా డైరీలో ఉన్నాయి. కానీ వస్తే వరండాలో లాయరు కనిపించేవాడు, అమ్మ కనిపించేది, నాలాంటి గుమాస్తా 'ఏం కాదులే, వచ్చే వారం ఆర్డరు' అని చెవిలో వేసేవాడు. ఇప్పుడు రిమాండ్ పొడిగింపులు చాలావరకు వీడియోలోనే అవుతున్నాయి. తెర ముందు నిలబెడతారు, పేరు పిలుస్తారు, తర్వాతి తేదీ చెబుతారు, తర్వాతివాడు వస్తాడు. ఖర్చు తగ్గింది, నిజమే. ఆ వరండాలో దొరికే రెండు మాటలు మాత్రం పోయాయి. వాటి స్థానంలో ఏదో ఒకటి పెట్టాలి కదా.

నేను అడిగేది ఒక్క కాగితం. జైలుకు వచ్చిన ప్రతి రిమాండ్ ఖైదీకి మొదటి వారంలోనే ఇవ్వాల్సిన ఒక పేజీ. నీ మీద పెట్టిన కేసు ఇది, దాని పేరు తెలుగులో ఇది, ఎక్కువలో ఎక్కువ పడే శిక్ష ఇంత, రిమాండ్ ఇచ్చిన రోజు ఇది, 60 రోజులో 90 రోజులో నిండేది ఈ తేదీకి, మూడో వంతు నిండేది ఈ తేదీకి, కేసు ఈ కోర్టులో ఉంది, నీ లాయరు పేరూ ఫోన్ నంబరూ ఇవి. దాని నకలు ములాఖత్‌కు వచ్చిన ఇంటివాళ్లకు ఒకటి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, తిరిగి వాళ్ల నోటితో చెప్పించాలి.

చదువు రానివాళ్లకు ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి అని నాతో అన్నవాళ్లున్నారు. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి చూడండి. పొద్దుటి నుంచి ఎన్ని టిక్కీలు మోశాడో, ఎవరి కొట్లో ఎన్ని దించాడో, కూలి ఎంత రావాలో హమాలీ కాగితం లేకుండా చెబుతాడు. వడ్డీకి తెచ్చిన డబ్బు ఏ తేదీకి ఎంతవుతుందో కౌలు రైతుకు నోటిలెక్క. తన బతుకు లెక్క మనిషి మర్చిపోడు, ఎవరైనా చెబితే.

దీనికి మనుషులు ఎక్కడినుంచి వస్తారని అడుగుతారు. 2022 నుంచి నిందితుల కోసమే పూర్తికాలం పనిచేసే ప్రభుత్వ లాయర్ల పద్ధతి వచ్చింది. నాకు తెలిసినవాళ్లు నిజంగా కష్టపడుతున్నారు. కానీ పిటిషన్లు, వాయిదాలు, సాక్షుల విచారణలు పెట్టుకుని ఒక్కొక్క ఖైదీ పక్కన అరగంట కూర్చోవడం వాళ్ల వల్ల కాదు. ఆ అరగంట వేరేవాళ్లు ఇవ్వాలి. విజయవాడలో, గుంటూరులో లా కాలేజీలున్నాయి, నడుమ నాగార్జున యూనివర్సిటీ ఉంది. లా చదివే పిల్లలు పారా లీగల్ వాలంటీర్లు కావచ్చని ఆ వాలంటీర్ల పథకంలోనే ఉంది. మూడో ఏడాది విద్యార్థి రిమాండ్ రిపోర్టు చదివి ఆ పేజీ నింపలేడా? అతనికీ అంతకంటే మంచి పాఠం దొరకదు. దీర్ఘకాలం శిక్షపడ్డ, చదువుకున్న, నడవడిక బాగున్న ఖైదీలకు శిక్షణ ఇచ్చి వాలంటీర్లుగా పెట్టుకోమని కూడా అదే పథకం చెబుతోంది. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన మాట. బ్యారక్‌లో అర్ధరాత్రి భయపడ్డ కుర్రాడికి అందుబాటులో ఉండేది వాళ్లే. తప్పు పాఠం చెబుతున్నదీ వాళ్లే కాబట్టి ఒప్పు పాఠం వాళ్లకే ముందు నేర్పాలి.

దొంగలకు చట్టం నేర్పితే తప్పించుకోవడం నేర్పినట్టే కదా అనే ప్రశ్న నన్ను నిజంగా ఆలోచింపజేసింది. మా పిన్ని మెడలో గొలుసు సత్యనారాయణపురంలో ఇంటి ముందే తెంపుకుపోయారు. మెడ మీద గీత నెలరోజులే ఉన్నా, రెండేళ్ల పాటు ఆవిడ ఒంటరిగా గుమ్మం దిగలేదు. అలాంటివాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆ పేజీలో ఉన్నదేదీ తప్పించుకునే ఉపాయం కాదు. గడువు తేదీ పోలీసులకు తెలుసు, కోర్టుకు తెలుసు, జైలుకు తెలుసు. అది ఎవరి గడువో ఆ మనిషి ఒక్కడికే తెలియకపోవడం వల్ల మా పిన్నికి ఏ న్యాయమూ జరగదు. నేరం చేసినవాడికి సాక్ష్యాలతో శిక్ష పడాలి. భయపడి ఒప్పుకున్నవాడికి శిక్ష పడితే, అసలు గొలుసు తెంపినవాడు వీధిలోనే ఉంటాడు.

బెయిల్ వచ్చాక కూడా బయటపడలేని వాళ్ల సంగతి ఇంకో బాధ. 1978లో మోతీరామ్ అనే తాపీ పనివాడికి బెయిల్ ఇస్తూ పదివేల జామీను అడిగారు. అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీను తీసుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదలమన్నారు. ఒక మలయాళీనో తెలుగువాణ్నో ఎక్కడో బస్తర్‌లో, పోర్ట్‌బ్లెయిర్‌లో పట్టుకుంటే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని ఆ తీర్పులో అడిగారు. మన బెజవాడ పెద్ద జంక్షన్. ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ పనికి వచ్చిన పిల్లలు ఇక్కడ పట్టుబడితే, అదే ప్రశ్న ఇప్పుడు మనం వేసుకోవాలి. వాళ్లకు తెలుగు పేజీ కూడా పనికిరాదు. ఒడియాలో, హిందీలో, బెంగాలీలో ఉండాలి. అరెస్టుకు కారణాలు మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2025లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

బెయిల్ గురించి సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాల్లో ఇంకొన్ని ఉన్నాయి. బెయిల్ ఆర్డరును జైలుకు ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. నెలలోగా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తాను చూడొచ్చు. లోకల్ జామీనే కావాలని పట్టుబట్టకూడదు. పేద ఖైదీల కోసం కేంద్రం పెట్టిన పథకంలో విచారణ ఖైదీకీ డబ్బు సాయం ఉంది. ఇవేవీ తెలియని తల్లి ఏం చేస్తుందో కోర్టు సెంటర్లో నేను చూశాను. పది రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, కిరాయికి జామీను నిలబడే మనిషి చేతిలో పెడుతుంది. కొడుకు కేసు కొట్టేసినా ఆ అప్పు మిగులుతుంది.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. ఆ అబ్బాయికి బెయిల్ వచ్చిందట గానీ జామీను కాగితాలు ఇంకా పూర్తి కాలేదు. ఇంకొకతన్ని చెయ్యి పట్టుకుని క్లినిక్ గదికి తీసుకొచ్చాడు. వచ్చి రెండు రోజులైంది, చెప్పులు కూడా లేవు.

"సార్, వీడికి 303 పెట్టారు. దొంగతనమే కదా? మూడేళ్లే కదా? నేను చెప్పాను వీడికి. అరెస్టైన రోజు నుంచి 60 లెక్కేసుకోమన్నాను."

మొదటి రెండూ సరిగ్గా చెప్పావన్నాను. లెక్క మాత్రం అరెస్టైన రోజు నుంచి కాదు, రిమాండ్ ఇచ్చిన రోజు నుంచి అన్నాను. అతను ఆ కొత్తవాడి వైపు తిరిగాడు.

"నిన్ను జడ్జిగారి దగ్గరకి ఏ రోజు తీసుకెళ్లార్రా? గుర్తు తెచ్చుకో."